చెరువొడ్డున పెద్దమ్మ గెస్ట్‌హౌస్

పోయిన మంగళవారం పొద్దున శామీర్‌పేట నుంచి ఫోన్ వచ్చింది, మా పెద్దమ్మ ఇక లేదని. చేసింది మా చుట్టమేం కాదు, ముందురోజు గెస్ట్‌హౌస్‌లో దిగిన ఒక ఒడియా ఆవిడ. హిందీలో చెబుతూ చెబుతూ మధ్యలోనే ఏడ్చేసింది. ఒక్కరోజు పరిచయానికే మనిషిని అంత దగ్గర చేసుకునేది మా పెద్దమ్మ.

పెదనాయన పోయాక చెరువొడ్డున ఉన్న పాత పెంకుటిల్లు ఆమెకూ, మా నాయినకూ ఉమ్మడిగా మిగిలింది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. ఇల్లు కూలగొట్టి జాగా అమ్మేద్దామని నాయిన పట్టుబట్టాడు. కొంపల్లిలో ఫ్లాటు కొనే మోజులో నేనూ ఆయనకే వంత పాడాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కూలగొట్టుడెందుకు? గదులు జేసి కిరాయికిస్త" అంది పెద్దమ్మ.

"బోనాల దాంక జూస్త వదినా. అప్పటికి మనుషులు రాకపోతే సంతకం పెట్టాలె" అన్నాడు నాయిన.

ఆమె పశువుల కొట్టానికి గోడలు లేపించింది. కొంగు నడుముకు చెక్కుకుని సున్నం తనే కొట్టింది. బోర్డు రాసే పని నాకిస్తే, గొప్పకు పోయి 'లేక్ వ్యూ' అని రాశాను. ఆ ఏడు ఎండలకు చెరువు కాస్తా ఎండి మేకలు మేశాయి. సిటీ నుంచి వచ్చిన ఒకటి రెండు కార్లవాళ్లు "నీళ్లేవండీ?" అని అడిగి వెనక్కి తిరిగారు.

"మేకల వ్యూ అని రాయకపోతివిరా" అని నవ్వింది పెద్దమ్మ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బోనాలకు వారం ఉందనగా ఆమె కూరగాయలకని బస్టాండుకు వెళ్లింది. కొత్తగా వచ్చిన లా యూనివర్సిటీలో పిల్లల్ని చేర్పించడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తల్లిదండ్రులు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. దిగుదామంటే దగ్గర్లో ఒక్క లాడ్జీ లేదు. వాళ్ల ఊరూ పేరూ పెద్దమ్మ అడగలేదు. "ఖానా ఖాయా?" అని మాత్రం అడిగి, రెండు ఆటోల్లో ఇంటికి తీసుకొచ్చింది.

"ఆకలైనోళ్లకు పేరెందుకురా, ముందుగాల బువ్వ" అనేది ఎప్పుడూ.

చెరువు మధ్య మిగిలిన మడుగులో దొరికిన కొర్రమీను పులుసు పెట్టింది. అది తిన్న ఓ బెంగాలీ పెద్దమనిషి మర్నాడు అడ్మిషన్ల వరుసలో నిలబడ్డ వాళ్లందరికీ మా ఇంటి దారి చెప్పాడు.

బోనాలనాడు నాయిన బ్రోకర్‌నూ, సంతకాల కాయితాలనూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. నేనూ వెళ్లాను. వాకిలి నిండా చెప్పులు. తన మంచం కూడా ఓ తల్లీబిడ్డకు ఇచ్చేసిన పెద్దమ్మ, రొట్టెల పిండి చేతులతో వచ్చి మమ్మల్ని గడప దగ్గరే ఆపింది.

"ఇంట్ల జాగ లేదు మరిదీ. గా అరుగు మీద కూసోండ్రి, బువ్వ వెడ్త."

నాయిన లోపలికి తొంగి చూశాడు. గడప దగ్గర్నుంచే ఒక్కో గదీ చూశాడు. తర్వాత చెప్పులు విప్పి అరుగెక్కాడు, కాయితాలు పక్కన పెట్టాడు. పెద్దమ్మ రొట్టెలూ, పొగలు కక్కుతున్న పులుసు గిన్నే తెచ్చి, గిన్నె దించడానికి అటూ ఇటూ చూసి, ఆ కాయితాల మీదే దించింది.

నాయిన రొట్టె తుంచి పులుసులో ముంచాడు.