నలభై మిషన్లు, ఒకటే నంబరు

నాకు కోపం ముందొస్తుంది, బుర్ర తర్వాతొస్తుంది. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. శ్రీకాకుళంలో నా చేత కంప్యూటర్లు పెట్టించుకున్న కాలేజీల వాళ్లకీ తెలుసు. కానీ ఆ రోజు దాని దెబ్బ వేరే మనిషికి తగిలింది. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ప్రైవేటు కాలేజీకి ఆన్‌లైన్ పరీక్షల సెంటరు వచ్చింది. కొత్త లేబ్‌లో నలభై కంప్యూటర్లు సిద్ధం చెయ్యడం నా పని. ఒక్కోదాంట్లో విడివిడిగా సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తూ కూర్చుంటే వారం తినేస్తుంది. అందుకని ఒక్క మిషన్ని అన్ని హంగులతో తయారు చేసి, దాని డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ తీసి మిగతా ముప్పై తొమ్మిదింట్లోకీ దింపేస్తాం. ఆ మొదటిదాన్ని మాస్టర్ అంటాం.

మాస్టర్ తయారైన పూట కరస్పాండెంటు గారు వచ్చారు. వాళ్లది ఆమదాలవలసలో తరాల నుంచి ధాన్యం వ్యాపారం. కాలేజీ పెట్టినా కొట్టు అలవాట్లు పోలేదు.

"ఏటయ్యా, బోణీ ఎప్పుడు?" అన్నారు.

"దేనికండీ బోణీ?"

"లేబ్‌కి! పరీక్షలోల్ల లిస్టులో మనది ఒక్క మిషనైనా ఈ మంచి టయానికి కనబడాల. నా సేత్తోనే నొక్కుతాను."

పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నెట్ తగిలించాక ఆయన మౌస్ నొక్కారు. పరీక్షలు పెట్టేవాళ్ల వెబ్‌సైట్లో మా మిషన్ పేరు ఒక వరసలో వచ్చింది. అందరం చప్పట్లు కొట్టి పటికబెల్లం తిన్నాం. నేను ఆ హుషార్లోనే అదే మిషన్ నుంచి కాపీ తీసి అన్నిట్లోకీ దింపేశాను. ఒకటి నుంచి నలభై దాకా పేర్లు కూడా పెట్టేశాను.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి నలభై మిషన్లూ ఆన్ చేశాం. సాయంత్రం ఐదు లోపల నలభై వరసలూ లిస్టులో కనబడాలి. లేకపోతే సెంటరు రద్దు. పిల్లలందరూ విశాఖపట్నం పరిగెత్తాలి. లిస్టు తెరిచి చూశాను. ఒక్కటే వరస ఉంది.

నెట్ లేదేమో అనుకున్నాను, ఉంది. వైర్ల మీదకి పోయింది నా అనుమానం. పొద్దున్న లేబ్ చూసుకునే ఆవిడ బల్లల కింద తుడిపించి, వైర్లు సర్ది కట్టింది. ఎనిమిదేళ్లుగా ఆ కాలేజీలో చేస్తోంది, పనిమంతురాలు. నాకవేవీ గుర్తు రాలేదు.

"వైర్లు ముట్టుకోవద్దని చెప్పానా లేదా? నీకెవరు కట్టమన్నారు? ముంచేశావు కదా!" అని అరిచాను. కరస్పాండెంటు గారు అక్కడే ఉన్నారు. తుడిచే ఆవిడ, వాచ్‌మేన్ గుమ్మంలో నిలబడిపోయారు.

"వైర్లు కాదేమో సార్," అంది లేబ్ చూసుకునే ఆవిడ మెల్లిగా. "ఆ ఒక్క వరసే పేరు మారుస్తన్నాది. ఇందాక పన్నెండు, ఇప్పుడు ముప్పై మూడు సూపిస్తన్నాది."

"నువ్వు నోరు ముయ్యి. నాకు చెప్పొస్తావా?"

కరస్పాండెంటు గారు ఆవిడ వైపు తిరిగారు. "నీ వల్లే అయితే మటుకు రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అన్నారు. ఆవిడ మొహం నల్లబడిపోయింది.

గంటసేపు బల్లల కింద పాకాను. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. చొక్కా తడిసిపోయింది. లిస్టులో మాత్రం ఇంకా ఒక్కటే వరస. మూడున్నరకి వచ్చి తెర ముందు కూలబడి, ఏం చెయ్యాలో తోచక ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరిచాను. పన్నెండు. ఐదు. ముప్పై మూడు. ఇరవై ఒకటి. వరస మాత్రం అదే.

ఓరి దేవుడా! అప్పుడు వెలిగింది.

ఆ పరీక్షల సాఫ్ట్‌వేర్ మొదటిసారి నెట్‌కి తగిలినప్పుడు, అవతలి సర్వర్ దానికో గుర్తింపు నంబరు ఇస్తుంది. అది డిస్కులో దాచుకుంటుంది. బోణీ నాడు మాస్టర్‌కి నంబరు వచ్చేసింది. దాన్ని చెరిపెయ్యకుండా నేను కాపీ తీశాను. నలభై మిషన్లూ ఒకటే నంబరు చెబుతుంటే, ఒకటే మిషన్ పేర్లు మార్చుకుంటోందని అనుకుంది సర్వర్. కాపీ తీసేముందు నంబరు చెరపాలని నలుగురికి పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆవిడ గంట కిందటే చూపించింది కూడా.

"ఇలా రామ్మా," అన్నాను తలెత్తకుండా. సాఫ్ట్‌వేర్ ఆపడం, నంబరున్న ఫైలు తీసెయ్యడం, మళ్లీ మొదలెట్టడం చూపించాను. ఇరవై ఆవిడ, ఇరవై నేను. లిస్టులో రెండు, ఐదు, పదకొండు వరసలయ్యాయి. నాలుగున్నరకి ఇరవై ఎనిమిది. తొందరలో పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టాను. పది తక్కువ ఐదుకి ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఏది రాలేదో నా కళ్లకి కనబడలేదు. ఆవిడ లేచి నా వైపుకే వచ్చి, నేను ఆపి మళ్లీ మొదలెట్టకుండా వదిలేసిన పదిహేడో మిషన్ ముందు కూర్చుంది. నలభై!

కరస్పాండెంటు గారు పరుగున వచ్చి నా భుజం తట్టారు. "వైర్లు సరిసేసినావా? బతికించావయ్యా!" ఆవిడ వైపు చూసి, "నీ సంగతి రేపు మాటాడదాం," అన్నారు.

నేను నోరు విప్పలేదు. ఇంతకంటే నీచం ఇంకోటుందా? ఆవిడ బేగు తీసుకుని బయటికి నడిచింది. వరండాలో అందుకున్నాను.

"తప్పు నాదేనమ్మా. ఏమీ అనుకోకు."

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. "తిట్టింది లేబ్‌లో కదా సార్. ఇక్కడెవులున్నారు ఇనడానికి?"

చెంప మీద కొట్టినట్టయింది. ఇద్దరం వెనక్కి లేబ్‌లోకి నడిచాం. తుడిచే ఆవిడ బల్లలు సర్దుతోంది. కరస్పాండెంటు గారు ఫోన్లో సెంటరు నిలిచిందని ఎవరికో చెబుతున్నారు. ఆయన ఫోను పెట్టేదాకా ఆగి, గట్టిగా చెప్పాను. వైర్లు కాదని, కాపీ తియ్యడంలో తప్పు నాదేనని, దాన్ని ముందు చూసింది ఆవిడేనని, నేనే నోరు మూయించానని.

కరస్పాండెంటు గారు నా వైపు తిరిగి, "మరి అప్పుడే సెప్పలేదేటి?" అన్నారు. ఆవిడతో, "రేపు పెందలాడే వచ్చెయ్యమ్మా," అన్నారు.

ఆవిడ కదల్లేదు.

"తిట్టినప్పుడు వాచ్‌మేన్ కూడా ఉన్నాడు సార్. పిలవమంటారా?"

పిలవమన్నాను. అతను గేటు దగ్గర్నుంచి వచ్చేదాకా అందరం అలాగే నిలబడ్డాం. వచ్చాక మళ్లీ మొదటి నుంచి చెప్పాను.