కాలవ గట్టు మీద పొయ్యిల లెక్క

నన్ను కాలవ గట్టుకు పంపించింది నేను ఆడదాన్ననే ఒక్క కారణానికి. ఆఫీసులో అప్పటికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. మున్సిపాలిటీలో బిల్లు కలెక్టరుగా ఉండిన నాయన చనిపోతే నాకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో అమ్మ, చదువుకునే ఇద్దరు తమ్ముళ్ళు. అందుకని ఆఫీసులో ఎవరేం చెప్పినా తలూపి, ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని.

తిరుపతికీ చిత్తూరుకీ నడుమ ఉన్న చిన్న ఊరు మాది. ఇది డెబ్బైల చివరి మాట. ఊరి మధ్యలో మురుగు కాలవ ఒకటి వానాకాలంలో పొంగి బజారంతా ముంచేది. ఆ ఏడు బడ్జెట్లో దాన్ని వెడల్పు చేసే పని పెట్టారు. వెడల్పు చేయాలంటే గట్టు మీది గుడిసెలు తీసేయాలి. తీసేస్తే వాళ్ళకు ఊరి చివర ఇళ్ళు కట్టించాలి. సగం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, తక్కిన సగం మా కౌన్సిలు మార్చి నెలాఖరులోగా బడ్జెట్లో చూపించాలి. జాబితాలో పేరు లేని కుటుంబానికి గుడిసె పోతుంది, ఇల్లు రాదు.

ఎన్ని ఇళ్ళు అన్నదే పెద్ద తగువు. గుడిసెకొకటి అంటే, ఒకే గుడిసెలో తడిక అడ్డం పెట్టుకుని కాపురాలు చేసే అన్నదమ్ములు ఒప్పుకోరు. రేషను కార్డులు సగంమందికి లేవు. చివరికి మా ఇంజినీరు ఒక మాటన్నాడు. "వేరు పొయ్యి పెట్టుకున్నోళ్ళది వేరు కాపురం. మన కాడ ఎప్పుడూ ఉండేదే గదా సార్. పొయ్యికొక ఇల్లు రాసేద్దాం." కమిషనరుగారికి నచ్చింది. పొయ్యి చూడాలంటే ఇంట్లోకి పోవాలి, ఇంట్లోకి పోవాలంటే ఆడమనిషి కావాలి. అందరూ నా వైపు చూశారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇస్త్రీ చీర కట్టుకుని, సంకలో రిజిస్టరు పెట్టుకుని, ఆ కంపులో పొయ్యిలు లెక్కపెట్టుకుంటూ తిరగాలా అని గొణుక్కుంటూనే పోయాను. గట్టుకు ఈ చివర పరుపులు కుట్టే సాయిబుల ఇల్లు. ఆ ఇంటి పెద్దామె మూడు రాళ్ళ పొయ్యి మీద ఇంత పెద్ద దబరలో సంగటి కెలుకుతోంది. ఒక పొయ్యి అని రాసుకున్నాను. అట్లా ఇల్లిల్లూ తొంగి చూస్తూ చివరి వరసకు వచ్చాను. ఆ వరసంతా సత్యవేడు వైపు నుంచి కూలికొచ్చి నిలిచిపోయిన ఒకే వంశం వాళ్ళు. ఏ గుడిసెలో చూసినా పొయ్యి చల్లగా ఉంది. వయసులో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ముసలివాళ్ళూ పిల్లలూ ఒకే గుడిసె ముందు కూచుని ఒకే దబరలోంచి సంగటి పెట్టించుకుని తింటున్నారు.

"మీ అందరికీ ఒకటే వంటా?" అని అక్కడున్న పెద్దాయన్ని అడిగాను.

ఆయన నా వైపు చూడకుండానే, "ఒకటే తల్లీ" అన్నాడు.

పద్దెనిమిది గుడిసెలకు ఒక పొయ్యి అని రాశాను. పక్కన "ఉమ్మడి వంట" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టాను. మొత్తం ఇరవై ఆరు. ఎండ ముదరకముందే ఆఫీసు చేరుకున్నానని సంతోషపడ్డాను కూడా.

బడ్జెట్ మీటింగుకు ముందురోజు పొద్దున జాబితాను నోటీసు బోర్డుకు అంటించారు. మధ్యాహ్నం పరుపుల ఇంటి పెద్దామె నా టేబులు ముందుకొచ్చి నిలబడింది. ఆమె పేరు జాబితాలో ఉంది. కూచోమన్నా కూచోలేదు.

"బేటీ, నా పేరు ఉండాదంట. మా మనవడు సదివి సెప్పినాడు. ఆ చివర వరసలో ఒక్కరిది తప్ప తక్కినోళ్ళవి ఎందుకు లేవు?"

"వాళ్ళది ఉమ్మడి కదమ్మా. అంతా ఒకచోట వండుకుంటారు."

"ఎవరు సెప్పినారు?"

"నేను చూశాను."

"నువ్వొచ్చినపొద్దు వాళ్ళింట్లో సావు కబురొచ్చింది. సత్యవేడులో వాళ్ళ పెద్దన్న సచ్చిపోతే వయసోళ్ళంతా బస్సెక్కి పోయినారు. మూణ్ణాళ్ళు వాళ్ళు పొయ్యి ముట్టించకూడదు గదా. ఆ సంగటి నేను వండి పంపించినదే. నా పొయ్యి కాడ నిలబడి రాసుకుంటివి గదా బేటీ."

ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. నాయన పోయినప్పుడు మా ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు, ఎదురింటి వాళ్ళు వండి తెచ్చి పెడితే తిన్నాం. వరసగా చల్లారిన పొయ్యిలు కనిపిస్తే మా అమ్మైతే ముందు అడిగే మాట "ఎవురికేమైందమ్మా" అని. నేను అడగలేదు. కంపు కొట్టే చోటు నుంచి త్వరగా బయటపడాలన్న తొందరే నాకప్పుడు.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. చెప్పకుంటే పదిహేడు కుటుంబాలు వానల్లోపు రోడ్డున పడతాయి. చెబితే పర్మనెంటు కాని నా ఉద్యోగం గాలిలో దీపం. అమ్మ మొహం గుర్తొచ్చింది. నేను ధైర్యవంతురాలినేమీ కాను, ఆ పెద్దామె కదలకుండా అక్కడే నిలబడి ఉండబట్టి లేచి కమిషనరుగారి గదిలోకి పోయాను.

ఆయన అంతా విని పెన్ను మూత పెట్టారు. "బడ్జెట్ స్టెన్సిలు కొట్టేశారు. రేపు పదకొండుకు మీటింగు. ఇప్పుడా చెప్పేది?" అన్నారు. "పొద్దున పోయి మళ్ళీ లెక్కపెట్టు. తప్పు నీదేనని రాసి సంతకం పెట్టి తీసుకురా. అది లేకపోతే ఆఫీసువాళ్ళు తమవాళ్ళ పేర్లు దూర్చారని కౌన్సిలర్లు అంటారు."

మర్నాడు తెల్లారి పోయేసరికి ఆ వరసలో పద్దెనిమిది పొయ్యిలూ మండుతున్నాయి. పొగకు నా కళ్ళ నీళ్ళు కారుతుంటే ఆ ఇళ్ళవాళ్ళు పీటలు వేశారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నలభై మూడని రాసుకుని, నా తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

మీటింగులో నన్ను గోడ పక్కన నిలబెట్టారు. బస్టాండు దాకా సిమెంటు రోడ్డు కావాలని ఏడాదిగా పట్టుబట్టిన నూనె మిల్లు కౌన్సిలరు ముందు లేచాడు.

"నిన్నటిదాకా ఇరవై ఆరు పొయ్యిలు. తెల్లారేసరికి నలభై మూడు. పొయ్యిలు గూడా పిల్లలు పెడతాయేమప్పా?"

అందరూ నవ్వారు. నన్ను చెప్పమన్నారు. చావు సంగతి చెప్పాను. నవ్వు ఆగింది కానీ ఆయన కూచోలేదు. "తప్పు ఈ పాపది. ఈ పదిహేడిండ్ల దుడ్డుకు నా రోడ్డెందుకు కోయాల? కొండకు పోయే బస్సులన్నీ మనూరి మీదనే పోతాయి. గుంతల్లో కూలబడి యాత్రికులు మనల్ని తిట్టుకుంటా పోతాండారు" అన్నాడు. అదీ అబద్ధం కాదు. ఇంకొకాయన కాలవ పని ఆపమన్నాడు, బజారు కౌన్సిలర్లు ఒప్పుకోలేదు. వీధి దీపాల్లో తగ్గించమంటే దీపాలడిగినవాళ్ళు బల్ల కొట్టారు. ఎవరి ముద్దలోంచీ మెతుకు తీయడానికి వీల్లేదు. చైర్మన్ గడియారం చూశాడు. "ఇరవై ఆరే ఉంచి, తక్కినవి వచ్చే ఏడు సూద్దాం" అన్నాడు. వచ్చే ఏడంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు ఇంజినీరు లేచాడు. "మొత్తం పెంచకుండానే అందరికీ ఇచ్చే దారి ఒకటి ఉండాది సార్. ప్లానులో వంటగదీ వసారా తీసేద్దాం. తలా ఒక గది, గోడకు గోడ ఆనించి వరసగా కట్టేద్దాం. నలభై మూడూ అదే డబ్బులో వస్తాయి."

"మరి వంట యాడ చేసుకుంటారు?" అన్నాడు నూనె మిల్లాయన.

ఇంజినీరు నా వైపు తిరిగాడు. "నువ్వు ఆడమనిషివి, ఇండ్లన్నీ సూసినావు. బయట చేసుకుంటారు గదా?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. గట్టు అక్కడికి పావుగంట దూరం. ఒక్కసారి పోయి వాళ్ళనే అడిగి వస్తానని అనొచ్చు. ఆ పావుగంటలో వీళ్ళ మనసు మారితే? రోడ్డుకే ఓట్లు పడితే? నాకు ఇంకేమీ తోచలేదు.

"చేసుకుంటారు సార్" అన్నాను.

తీర్మానం నెగ్గింది. "మహిళా ఉద్యోగి అభిప్రాయం తీసుకోవడమైనది" అని మినిట్స్ ఫెయిరు చేసింది కూడా నేనే. నా ఉద్యోగం పోలేదు. మెమో ఇచ్చి, పర్మనెంటు చేయడం ఆరు నెలలు వెనక్కి జరిపారు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఎన్నాళ్ళకో అమ్మ పక్కన కూచుని హాయిగా అన్నం తిన్నాను. పదిహేడు ఇళ్ళు నిలబెట్టానని గర్వపడ్డాను కూడా. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే మంటగా ఉంటుంది.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఇళ్ళ పన్ను నంబర్లు వేయడానికి ఆ కాలనీకి పోయాను. జల్లు పడుతోంది. ప్రతి గుమ్మంలోనూ ఒక పొయ్యి. పైన గోనెపట్టా పట్టుకుని ఒకరు, కింద ఊదుతూ ఒకరు. కొందరు లోపలే పెట్టుకున్నట్టున్నారు, ఒక్కటే కిటికీ ఉన్న ఆ గదుల్లోంచి పొగ వస్తోంది, లోపల పసిపిల్లలు దగ్గుతున్నారు. పరుపుల ఇంటి పెద్దామె నన్ను చూసి నవ్వింది. లోపలికి పిలిచి, మడిచిన పరుపు మీద కూచోబెట్టి, టీ ఇచ్చింది.

"ఇల్లు బాగుండాది బేటీ. నీ పుణ్యమే. పొయ్యికే జాగా లేకపోయె."

"డబ్బు చాలలేదంటమ్మా" అన్నాను.

"దుడ్డెందుకు? మమ్మల్నొక మాట అడిగుంటే, ఎనక ఆరడుగుల జాగా వదిలేయండి, మట్టిగోడ మేమే ఎత్తుకుంటామని సెప్పుందుము. అందరం కూలికి పోయేవాళ్ళమే గదా. ఇప్పుడు ఎనకిల్లు గోడకే ఆనుకోనుండాది, ఏం సేసేదానికీ లేదు." గ్లాసు అందుకుంటూ మళ్ళీ అంది. "బయట వండుకుంటారని ఆపీసులో ఎవరో సెప్పినారంట గదా. ఎవరు బేటీ?"

బయట ఎవరిదో పొయ్యి ఆరిపోయినట్టుంది, తిట్టుకుంటున్నారు.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది.