ఆ ఆదేశాలు ఎవరివి?

నా చిన్నప్పుడు రంగూన్‌లో సర్కారుకి ఎదురుతిరిగి జనం తీసిన ఊరేగింపుల్ని సైన్యం అణిచేశాక బళ్ళు చాలాకాలం తెరవలేదు. మేముండే తామ్వే పేటలో మా సందు చివర సైనికులు కాపలా ఉండేవారు. పిల్లలు సందు దాటకూడదని ఇంట్లో గట్టి కట్టడి. నాకు ఆటకి తోడున్నది పక్కింటి అక్క ఒక్కతే.

మా బాబాయి కాలేజీలో కంప్యూటర్ల గదిలో పనిచేసేవాడు. కాలేజీకీ తాళం పడటంతో మా చదువు తన నెత్తిన వేసుకున్నాడు. ఒకరోజు కళ్ళకు తువ్వాలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తనొక యంత్రమట, సొంత బుద్ధి లేదట. నోటితో ఆదేశాలిచ్చి తనచేత వంటింటి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తెప్పించాలి. ఒకరు నడిపిస్తుంటే రెండోవాళ్ళు పక్కింట్లో ఉండాలి.

ముందు అక్క నడిపించింది. మధ్యలో పిల్లికి దండం కూడా పెట్టించింది. తర్వాత నా వంతు. బాబాయి తలుపుకి గుద్దుకుంటే మా నాయనమ్మ నవ్వాపుకోలేక చతికిలబడింది. ఆ నవ్వులోనే, ఇద్దరూ ఇంచుమించు ఒకేలా చెప్పారే అనేసింది. అక్క మొహం మాడిపోయింది. నేను గోడ పక్కన నక్కి విని కాపీ కొట్టానంది. వినలేదని ఎంత చెప్పినా నమ్మకుండా విసురుగా వెళ్ళిపోయింది. మర్నాడు ఆటకి రాలేదు. నాకు అన్నం సయించలేదు.

బాబాయి అక్కని పిలుచుకొచ్చి, విదేశీ రేడియోలో విన్న ముచ్చట చెప్పాడు. కంప్యూటర్ చిప్పులు చేసే రెండు కంపెనీలు అమెరికాలో కోర్టుకెక్కాయట. చిప్పు లోపల, ఏ పని ఏ వరసలో చెయ్యాలో చెప్పే బుల్లి ఆదేశాలుంటాయి. వాటిని మైక్రోకోడ్ అంటారు. మావి చూసి రాశారని ఒకరు, లేదని ఇంకొకరు. అప్పుడు మొదటి కంపెనీ ఆదేశాలు కంటితో చూడని మనిషిని విడిగా కూర్చోబెట్టి, అదే పనికి మళ్ళీ రాయించారట. అతను రాసినవీ చాలాచోట్ల అలాగే వచ్చాయి. ఇక్కడ కాపీ జరగలేదని జడ్జి తేల్చాడట.

అది చెప్పి, వెనకింటి బర్మా పెద్దావిడని పిలిచాడు. మా ఆట సంగతి ఆవిడకి ఏమీ తెలీదు. ఆవిడ బర్మా మాటల్లో బాబాయిని నడిపిస్తుంటే మేం చెవులు రిక్కించాం. గుమ్మం దాటు, బల్ల తప్పించు, ఎడమకి తిరుగు, వంగు, ముంచు. మేం చెప్పినవే. సగం నీళ్ళు ఒలికించుకుంటూ వచ్చిన బాబాయి తువ్వాలు తీసి అక్కని అడిగాడు.

"ఈవిడ కూడా నీ దగ్గర ఇన్నాదేటి?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"బల్ల అక్కడుంది, కుండ ఇక్కడుంది. ఎవలు నడిపించినా ఇలాగే వస్తాది. పిల్లికి దండం పెట్టమన్నావు సూడు, అదీ నీ సొంతం. ఆ మాట దీని నోట వచ్చుంటే కాపీ అని నేనే అందును."

అక్కకి నవ్వొచ్చేసింది. నా చెయ్యి పట్టుకుని, ఇంకోసారి ఆడదామా అంది. ఈసారి యంత్రం తనేనని నాయనమ్మ తువ్వాలు లాక్కుంది.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఇద్దరు పిల్లల జవాబులు ఒకేలా కనబడితే, ముందు నేనిచ్చిన ప్రశ్న మళ్ళీ చదువుకుంటాను, దానికి ఇంకోలా రాయడం కుదురుతుందా అని. పిల్లల మొహాల వైపు చూసేది ఆ తర్వాతే.