ఏడాదికి రెండు నెలల జవాను

ఇబ్రహీంపట్నంలో జోయెల్‌ని అందరూ మిలటరీ మేస్త్రీ అంటారు. అతను చేసేది గోడల పని. కాకపోతే ఏటా రెండు నెలలు టెరిటోరియల్ ఆర్మీకి వెళ్లొస్తాడు. సొంత పని చేసుకుంటూనే, పిలిచినప్పుడు వెళ్లి యూనిఫాం వేసుకునే సైన్యం అది. ఆ రెండు నెలలూ అక్కడ మామూలు జవాను. మిగతా పది నెలలూ ఇక్కడ ఏకంగా జనరల్.

పొద్దున్నే సైటులో కూలీలను వరసగా నిలబెట్టి "సావధాన్!" అని అరిచేవాడు.

తట్ట నెత్తిన పెట్టుకున్న ఆదెమ్మ, "నిలబడే ఉన్నాం కదయ్యా, ఇంకెట్టా నిలబడమంటావు?" అనేది.

టీ తాగేటప్పుడు సరిహద్దు కబుర్లు మొదలయ్యేవి. మంచు, తుపాకులు, కొండల మీద కాపలా అన్నీ వచ్చేవి. అక్కడ కూడా తాను చేసేది మేస్త్రీ పనేనన్న ముక్క మాత్రం పొరపాటున కూడా దొర్లేది కాదు.

బిల్డరు రామకోటేశ్వరరావుకి ఈ కబుర్లంటే మహా ఇష్టం. ఫ్లాటు చూడ్డానికి ఎవరొచ్చినా జోయెల్‌ని పిలిచి భుజమ్మీద చెయ్యేసేవాడు. "మన గోడలు కట్టేది మామూలు చెయ్యి కాదండీ, దేశానికి కాపలా కాసే చెయ్యి!" అనేవాడు. వాళ్లు వెళ్లాక, ఇటుకల మధ్య పెట్టే మాలులో సిమెంటు తగ్గించమని ఆ చేతికి చెప్పేదీ ఆయనే. జోయెల్ తగ్గించేవాడు. జనరల్‌కి కూడా పైన ఒకరుంటారు కదా.

కిందటేడు సరిహద్దులో గొడవ మొదలై, టీవీలన్నీ సైరన్లు మోగిస్తున్న వారంలోనే అతనికి పిలుపొచ్చింది. ఏటా వచ్చే ట్రైనింగ్ పిలుపే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చర్చిలో ప్రత్యేక ప్రార్థన చేశారు. బిల్డరు సైటు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో 'వీర జవాను' బొమ్మ కన్నా బిల్డరు బొమ్మే పెద్దది. స్టేషన్లో దండలు వేసి, ఫోటోలు దిగి, రైలు కదలకముందే అందరూ వెళ్లిపోయారు.

భార్య క్రిస్టినా ఒక్కతే మిగిలింది. "ఏమయ్యా, అసలు ఎక్కడికి పోతున్నావు?"

"చెప్పకూడదు. రహస్యం."

"సరే, రహస్యానికి దుప్పటి కూడా పెట్టాను. చలేస్తే కప్పుకో."

క్యాంపులో పొద్దున కవాతు, కాసేపు తుపాకీ. ఆ తర్వాత జవాన్లకు బాత్‌రూములు కట్టే పని. జోయెల్ అలవాటు ప్రకారం మాలు కలిపి, ఒక గోడ చకచకా లేపేశాడు. మర్నాడు సుబేదారు వచ్చి వేలితో గీశాడు. ఇసుక జలజలా రాలింది. గోడని కాలితో తన్నమని జోయెల్‌కే చెప్పాడు. తన్నాడు. పడిపోయింది. చూస్తున్న జవాన్లు పగలబడి నవ్వారు.

"మీ ఊళ్లో ఇళ్లు ఇట్లాగే కడతావా?" అన్నాడు సుబేదారు హిందీలో.

జోయెల్ పడిన ఇటుకలు ఏరుకున్నాడు. అదే చోట మళ్లీ కట్టాడు, ఈసారి సిమెంటు సరిగ్గా కలిపి. సుబేదారు వచ్చి తన్ని, కాలు పట్టుకుని కుంటుకుంటూ వెళ్లాడు. జోయెల్‌కి ఏ పతకం వచ్చినా అంత ఆనందం ఉండేది కాదు.

తిరిగొచ్చాక బిల్డరు సైటు దగ్గరే సన్మానం పెట్టాడు. శాలువా కప్పి మైకు చేతికిచ్చాడు. "శత్రువుల్ని ఎట్లా ఎదుర్కొన్నావో చెప్పవోయ్!"

జోయెల్ గొంతు సవరించుకున్నాడు. "నేనెవర్నీ ఎదుర్కోలేదండీ. బాత్‌రూములు కట్టాను. మొదటి గోడ పడిపోయింది కూడా."

ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, "చూశారా, రహస్యం పెదవి దాటనివ్వలేదు! అదండీ క్రమశిక్షణ!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

"నిజంగా బాత్‌రూములేనండీ!"

చప్పట్లు రెట్టింపయ్యాయి.

మర్నాడు పనిలోకి వెళ్తే బిల్డరు ఎప్పటిలాగే సిమెంటు తగ్గించమన్నాడు.

"కుదరదండీ," అన్నాడు జోయెల్.

"అయితే జక్కయ్య ఉన్నాడులే. నువ్వు లేనప్పుడు పని నడిపింది అతనేగా."

"సైన్యానికి వెళ్లొచ్చినవాణ్ణి పనిలోంచి తియ్యకూడదని చట్టం ఉందండీ."

బిల్డరు జాలిగా నవ్వాడు. "తియ్యకూడనిది పనిలో ఉన్నవాణ్ణి. నువ్వు నా దగ్గర పనిలో ఉన్నట్టు కాగితం ఎక్కడుందోయ్? దేశమంటే నాకూ గౌరవమే. కానీ ఫ్లాట్లు కొన్నవాళ్లు గృహప్రవేశాలకి ముహూర్తాలు కూడా పెట్టుకున్నారు మరి."

జోయెల్ తాపీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు. జరిగిందంతా, క్యాంపులో పడిన గోడతో సహా, క్రిస్టినాకి చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత, "మరి ఇన్నాళ్లూ ఇక్కడ కట్టినవి?" అంది. అతను తలొంచుకున్నాడు.

ఇప్పుడు సొంతంగా చిన్న చిన్న పనులు పడుతున్నాడు. బేరాలు క్రిస్టినా చూసుకుంటుంది. మొన్న ప్రహరీ కట్టించుకోవాలని వచ్చిన ఒకాయన, జోయెల్ మిలటరీ ఆయన కాబట్టి కాస్త తగ్గించి చెయ్యమన్నాడు.

"ఏది తగ్గించమంటారండీ?" అంది క్రిస్టినా. "సిమెంటా, గోడ ఎత్తా?"

ఆయన ఆలోచించుకుని చెబుతానని వెళ్లాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.