పట్టపగలు చెప్పిన బాత్

లుధియానాలో పిల్లలకు పంజాబీ కథలు రికార్డు చేసే చోట నాకు ఉద్యోగం. మా కథల్లో పిచ్చుక కూడా స్నాక్స్ తింటుంది. వింటుంటే ఒళ్లు మండేది. మా పెదనాన్న భార్య, తాయీ బచింత్ కౌర్ చెప్పే బాత్‌లో, అంటే రాత్రిపూట చెప్పే కథలో, పిచ్చుక తినేది చిజ్జీ. చిరుతిండికి మా పసివాళ్లు పెట్టుకున్న పేరది. అలాంటి మాటలు తాయీ నోట్లో కొల్లలు. జీవితమంతా గేదెల పేడ ఎత్తుతూ, తన పిల్లల్నీ ఇరుగుపొరుగు పిల్లల్నీ ఆ మాటలతోనే నిద్రపుచ్చింది. బతిమాలి స్టూడియోకు తీసుకొచ్చాను.

గది చూడగానే ఆమె ముఖం మాడిపోయింది. కిటికీ లేదు. చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేశారు.

"చెప్పండి బీజీ," అన్నాడు అద్దం ఇవతల నా పక్కనున్న ఇష్మీత్. రికార్డింగ్ చూసేది అతనే.

"ఇప్పుడా? పట్టపగలు బాత్ చెప్తే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారు. నా బల్‌కార్ లారీ తోలుకుంటూ గువాహటి పోతున్నాడు. నీకేం, నీ కొడుకా?"

ఇష్మీత్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎంత చదువుకున్నా నేనూ పగలు బాత్ చెప్పను. కానీ స్టూడియో మాకు పగలే ఇస్తారు, ఆ రోజే ఆఖరు.

తాయీ లేచి తలుపు తోసింది. అది కదల్లేదు. చున్నీతో చెమట తుడుచుకుంది.

"మూత పెట్టిన కుండలో పడేశావు కదే నన్ను! నీకు మాటిచ్చాను, లేచి పోలేను. అట్లాగని వాణ్ణి దారి తప్పించనా?"

నా మనసు చివుక్కుమంది. ఫోన్ పట్టుకుని ఆమె గదిలోకెళ్లి, స్పీకర్ పెట్టి బల్‌కార్‌కి చేశాను.

"అన్నా, కాసేపు లారీ ఆపు. తాయీ బాత్ చెప్పాలి."

"పగలా? మతిపోయిందా మీకు?" అని అరిచాడు. కాసేపటికి నవ్వాడు. "సరే, ధాబా దగ్గర ఆపాను. రాత్రంతా నిద్ర లేదు, మంచం మీద నడుం వాలుస్తా. చెప్పమ్మా, ఇప్పుడు నేను దారిలో లేను."

"బండి తాళం చెవి తీశావా?"

"తీశా. నీ మీద ఒట్టు."

"మరి ఊ కొట్టేదెవర్రా?"

"నేను లేనా?"

బాత్ వినేవాళ్లు మాటమాటకీ ఊ కొట్టాలి. ఊ ఆగితే చెప్పేవాళ్లూ ఆగాలి. "ఆ ఊలన్నీ రికార్డులో పడతాయి," అని ఇష్మీత్ గొణిగాడు. నోరు మూసుకోమన్నాను.

తాయీ మొదలుపెట్టింది. పిచ్చుక చిజ్జీ దాచుకుంది. ఊఁ. కాకి చూసింది. ఊఁ. నలభై దాటిన లారీ డ్రైవరు బొంగురు గొంతు. కాకి వచ్చి పిచ్చుక తలుపు తట్టింది. ఊ రాలేదు.

"బల్‌కారూ?"

తాయీ ముఖం పాలిపోయింది. బండెక్కేశాడా? కథ వెనక్కి తీసుకోవడానికి లేదు, ముందుకు వెళ్లడానికీ లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఫోన్‌కి చెవులు ఆనించాం. సన్నగా గురక వినపడింది.

"సగంలో ఆగింది బీజీ, పోనివ్వండి, బయటికి రండి," అంటూ ఇష్మీత్ తలుపు తెరవడానికి లేచాడు.

తాయీ కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది.

"తియ్యకు నాయనా," అంది గుసగుసగా. "చప్పుడవుతుంది. పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడు."