గ్వాంగ్‌జౌలో మమ్మల్ని ఛీ అన్న పెద్దావిడ

ఒమన్‌లోని మబేలా కంపెనీ రూమ్ నుంచి చైనాలోని గ్వాంగ్‌జౌ దాకా వెళ్లిరావడానికి కారణం రాజన్న వేలు. టైల్ మీద వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, గట్టిదో బోలుదో చెప్పేసే మేస్త్రీ ఆయన. ఏ ఫ్యాక్టరీలో ఏ వారం కాలిందో కూడా చెప్తాడని నేనే ప్రచారం చేశాను. మా అర్బాబ్, అంటే టైల్స్ షాపు యజమాని, కొత్త సరుకు కోసం వెళ్తూ రాజన్ననూ, స్టోరు చూసే నన్నూ వెంటబెట్టుకున్నాడు.

మూడు రోజులు కొనుగోళ్లయ్యాయి. నాలుగో రోజు పొద్దున్నే అర్బాబ్, "ఆజ్ ఛుట్టీ. ఛే బజే హోటల్ మే" అన్నాడు. అంటే ఆ రోజు సెలవు, సాయంత్రం ఆరింటికి హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాలి.

"పద్దెనిమిదేండ్లు ఒమన్ల సైటు, రూమ్, గింతే చూసిన తమ్మీ. వచ్చే నెల వీసా కేన్సిల్ చేస్కొని జగిత్యాల పోతున్న. ఒక్క దినమన్న ఊకె తిరిగి చూడాలె. ఆ టవర్ ఎక్కాలె" అన్నాడు రాజన్న. హోటల్ కిటికీలోంచి మూడు రోజులుగా ఆయన క్యాంటన్ టవర్‌నే చూస్తున్నాడు.

"భాష సంగతి నాకొదిలెయ్ అన్నా" అన్నాను. ఆరేళ్లుగా పెట్టెల మీది చైనా అక్షరాలు చూస్తున్నవాణ్ణి, ఆ మాత్రం రాదా?

ఎనిమిదింటికి మెట్రో ఎక్కాం. టికెట్ అంటే కేరమ్ బిళ్లంత ప్లాస్టిక్ టోకెన్. ఒక స్టేషన్లో దిగి, మెట్లెక్కి, వంపు తిరిగి, ఇంకో రైలు పట్టుకోవడానికి నడిచిన దూరంలో మబేలా నుంచి పక్కనున్న సీబ్ దాకా వెళ్లిపోవచ్చు. "భూమి కిందొక ఊరు, మీదొక ఊరు" అంటూ రాజన్న వంగి నేల తడిమాడు. "ఇన్ని లక్షల కాళ్లు తొక్కుతున్నయ్. ఒక్క టైల్ లేవలే!"

నది ఒడ్డున తిరిగి, ఒంటిగంటకి అరబ్బు వ్యాపారులు మసలే వీధిలో ఒక నూడుల్స్ హోటల్లో కూర్చున్నాం. తలకి తెల్లగుడ్డ కట్టుకున్న పెద్దావిడ రెండు గిన్నెలు తెచ్చిపెట్టి, రాజన్న మొహంలోకి చూస్తూ, "ఛీ! ఛీ!" అంది.

రాజన్న చెయ్యి ఆగిపోయింది. "ఏమంటుంది తమ్మీ?"

తెలీదంటే పరువు పోతుంది. "చేతులు కడుక్కోలేదంటోంది."

వెళ్లి కడుక్కొచ్చాడు. ఆవిడ గిన్నె ఇంకాస్త ముందుకి జరిపి మళ్లీ, "ఛీ! ఛీ!" ఈసారి సబ్బు పెట్టి మోచేతుల దాకా తోముకొచ్చాడు. మళ్లీ అదే మాట. రాజన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సిమెంటు చేతులు తమ్మీ. ఎంత కడిగినా గింతే ఉంటయ్. ఛీ అనిపించుకోనీకి వచ్చిన్నా ఇంత దూరం? టవరొద్దు, ఏమొద్దు. హోటల్‌కి పోదాం పా."

నా నోటి దురద ఆయన ఒక్కగానొక్క రోజుని మింగేస్తోంది. అప్పుడు గల్లా దగ్గరున్న ఆవిడ కోడలు పరుగున వచ్చింది. అరబ్బులతో బేరాలాడి వచ్చిన అరబీ కాబోలు, "కుల్! కుల్!" అంటూ నోటి దగ్గర చెయ్యి ఆడించి చూపింది.

"కుల్ అంటే తిను గదా!" అన్నాడు రాజన్న.

పెద్దావిడ వైపు వేలు చూపించి ఆ అమ్మాయి నవ్వింది. "ఛీ... కుల్. ఛీ... కుల్."

వాళ్ల భాషలో ఛీ అంటే తినమని!

రాజన్న నావైపు తిరిగి ఎగాదిగా చూశాడు. అంతసేపు ఆయన టైల్‌ని కూడా చూడడు. "అయితే చేతులు కడుగుడెక్కడికెళ్లొచ్చింది?" అని, నా గిన్నె నా ముందుకి తోశాడు. "ముందుగాల నువ్వు ఛీ!" అన్నాడు. ఆవిడ పొంగిపోయి ఇంకో గరిటె వడ్డించింది.

మూడింటికి టవర్ ఎక్కాం. లిఫ్టు లేచిన వేగానికి తిన్న నూడుల్స్ అరిగిపోయి ఆకలి మళ్లీ మొదటికొచ్చింది. పైన అద్దం నేల. దాని కింద నది, వంతెనలు, ఆకాశాన్ని తాకుతాయనుకున్న భవనాలన్నీ మా పాదాల కింద. పడమటి వైపు బాగా పరికించి చూస్తే మబేలాలో ఆరేసిన నా లుంగీ కూడా కనిపించింది. రాజన్న చూడలేదంటాడు, ఆయనకి దూరం సరిగ్గా ఆనదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని అద్దాన్ని కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "గట్టిగనే ఉంది. రా" అని నడిమధ్యకి వెళ్లి నిలబడ్డాడు. అరగంట దాకా ఆ అద్దం మీంచి దిగలేదు.

ఆరింటికి ముందే హోటల్ చేరాం. ఇంత నగరం చూశాక మనిషి చిన్నబోతాడంటారు. రాజన్న మాత్రం రాత్రి విమానమెక్కాక సీటు పట్టనంత పెద్దగా కనిపించాడు. వచ్చే నెల నుంచి నా కథలు వినడానికి ఈయన ఉండడని గుర్తొచ్చి నాకు భోజనం సయించలేదు. రాజన్న తన ట్రేలోని మిఠాయి నా ట్రేలో పెట్టి, గట్టిగా, "ఛీ తమ్మీ! ఛీ!" అన్నాడు.

పక్కసీటు తెలుగాయన తట్టుకోలేకపోయాడు. "ఎందుకండీ ఆయన మిమ్మల్నలా తిడుతున్నారు?"

"తిట్టడం లేదండీ. తినమంటున్నాడు" అన్నాను.

ఈ ప్రయాణంలో నేను పలికిన నికార్సయిన నిజం అదొక్కటే. ఆయన నమ్మలేదు.