డిస్కస్ చేపకు నేను వెతికిన తోడు

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా ఆయనే. తాండూరు స్టేషన్ పక్కన మాకు నాపరాళ్ల డిపో ఉండేది. ఒక పొద్దున అక్కడి నుంచి గబగబా వచ్చి, వాకిట్లోనే నిలబడి, "అన్నకు బొంబాయి నుంచి పార్సిల్ వచ్చింది. రేకు డబ్బా. లోపట ఏందో బతికున్నది" అన్నారు.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. మా ఆయన అన్న, అంటే మా బావగారు, క్షయతో ఏడాదిన్నర వికారాబాద్ గుట్ట మీది దవాఖానలో ఉండి, నయమై ఇంటికి వచ్చి రెండు నెలలైంది. భయం లేదని డాక్టర్లు చెప్పినా మా ఇంట్లో భయం పోలేదు. ముందు గదిలో మంచం, వేరే కంచం, వేరే చెంబు. తిండి గడప దగ్గర పెట్టి వెనక్కి వచ్చేవాళ్లం. మేము లింగాయతులం. మడి, పంక్తి మా అత్తమ్మకు ప్రాణం. బావగారు రోజురోజుకూ తక్కువ తినేవారు. రొట్టె సగానికి సగం తిరిగి వచ్చేది. దవాఖానలో పెరిగిన ఒళ్లు ఇంట్లో కరిగిపోతోందని అందరికీ కనిపిస్తూనే ఉంది.

పార్సిల్ పంపింది దవాఖానలో పక్క మంచం మీద ఉండి, ముందుగా నయమై వెళ్లిపోయిన బొంబాయి స్నేహితుడు. డబ్బాలో రెండు చేపలు. గడ్డిలో చుట్టిన గాజుపెట్టె వేరేగా వచ్చింది. మూత తీయగానే వచ్చిన కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒకటి దారిలోనే చచ్చి, జిగురు కారుతూ తేలుతోంది. రెండోది బతికి ఉంది. చిన్న రొట్టెలా గుండ్రంగా, పలచగా, గోధుమరంగు ఒంటి మీద నీలిగీతలతో. దాన్ని డిస్కస్ అంటారట. చేప అన్నది గడప దాటని ఇల్లు మాది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

డబ్బాతో పాటు ఉర్దూలో ఒక చీటీ ఉంది. బావగారు గదిలో నుంచే చదివి చెప్పారు. నీళ్లు వెచ్చగా ఉండాలి, పెట్టె కింద బల్బు పెట్టండి. తాండూరు బావినీళ్లలో సున్నం ఎక్కువ, వాననీళ్లు పట్టి పోయండి. ఒక్కటే ఉంటే బెదిరి తిండి మానేస్తుంది, తోడు కావాలి. ఆ తోడు కొరకకూడదు, మేత గుంజుకోకూడదు, వెచ్చటి నీళ్లకు ఓర్చుకోవాలి. పెట్టెను బావగారి గదిలోనే పెట్టాం.

"ఒక్కదాన్నే ఉంచితే చస్తదంట, తోడు చూస్తవా బిడ్డా?" అన్నారు బావగారు. ఇల్లు చేరాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఈ చేపను బతికించాలి, లేకపోతే ఆయనా మిగలరు అని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది.

మా పశువుల కొట్టం ఊడ్చే ఆమె కాగ్నా ఏటి ఒడ్డున పుట్టి పెరిగింది. క్రైస్తవురాలు. పెరటి దారిన వచ్చి పెరటి దారినే పోవాలి, వంటింటి గడప తొక్కకూడదు. డిస్కస్‌కు మేక కార్జం తెచ్చి సన్నగా నూరేది ఆమే. పెరట్లో విడిగా ఒక బండ మీద నూరుతుంటే ఆ నెత్తుటి వాసనకు నాకు వాంతి వచ్చేది. తోడు కోసం ఆమె ముందు పరిగె చేపలు పట్టుకొచ్చింది. అవి మేతంతా మింగేసి, డిస్కస్ రెక్కలు కూడా కొరకసాగాయి. వాటిని మళ్లీ ఏట్లో వదిలాం. రెండోసారి రెండు కుండలు తెచ్చి పెరట్లో నా ముందు పెట్టింది. ఒకదాంట్లో వెండిదారాల్లాంటి సన్న చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. ఇంకోదాంట్లో ఒక్కటే, నల్లగా, కుండ గోడకు నోరు అతికించుకుని ఉంది.

"ఈ సన్నయి ఏం తింటయి?" అని అడిగాను.

"దోమపిల్లలు, చిన్న పురుగులు తింటయమ్మా. నోరు చిన్నది, దేని జోలికీ పోవు. మీ బొంబాయి సుట్టానికి గివే సరి."

"మరి అది?"

"గది బండలకు కరుసుకొని పాచి నాకుతది. సూపుదామని తెచ్చిన గని, గది వద్దు. ఏట్ల నిలబడితె కాళ్ల మీది తోలు గూడ నాకుతది."

"పాచే గదా తింటది? జీవాన్ని తినదు గదా?"

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వింది. "చేపకు గూడ కులం సూస్తున్నవా తల్లీ? పంక్తిల కూసుండబెడ్తవా ఏంది?"

వంటింట్లో నుంచి అత్తమ్మ "బ్యాడ, బ్యాడ!" అని కేకేసింది. కోపం వస్తే ఆమెకు కన్నడమే. పురుగులు తినేది ఇంట్లోకి రావద్దని ఆమె మాట. నా మనసులోనూ అదే ఉంది. డిస్కస్ తినేది మేక కార్జమే కదా అన్న ఆలోచన రాకపోలేదు. అది రోగి పథ్యం లాంటిదని సర్ది చెప్పుకున్నాను. కుండ గడప దగ్గర పెట్టి, బావగారితో నల్లదాన్నే పెట్టెలో వేయించాను.

పది రోజులు బాగానే గడిచింది. గాజు అద్దంలా మెరిసింది. డిస్కస్ మూల వదిలి బయటికి వచ్చి కార్జం తిన్నది. గడప దగ్గరి కంచం ఖాళీగా తిరిగి వచ్చింది. లింగపూజలో కూర్చుని, నాకు మంచి బుద్ధి ఇచ్చావు తండ్రీ అని కళ్లనీళ్లతో మొక్కుకున్నాను.

తర్వాత రొట్టె మళ్లీ మిగలసాగింది. మూడో రోజు కంచంలో రొట్టె మొత్తం అలాగే ఉంటే, ఉండబట్టలేక గడప దాటి లోపలికి వెళ్లాను. ఆ నల్లది డిస్కస్ డొక్కకు అతుక్కుని ఉంది. గుండ్రటి నోటితో నాకుతోంది. డిస్కస్ ఒంటి మీది జిగురు గంజి మీది మీగడలా లేచి వేలాడుతోంది. దాని కింద ఎర్రగా పచ్చిమాంసం.

"ఎన్ని దినాలాయె బావా?"

"మూడు."

"నన్ను పిలువకపోతిరి?"

"పిలిస్తె లోపటికి ఎవరొస్తరు బిడ్డా? నేనే తీద్దామనుకున్న. నా చెయ్యి పెడితె నా రోగం దానికి అంటుకుంటదేమోనని ఊకున్న."

ఆ మాట విని నాకు కలిగిన రోత ఆ చేప మీద కాదు. అయినా చేయి నీళ్లలో పెట్టలేకపోయాను. రెండుసార్లు పెట్టెదాకా తీసుకుపోయి వెనక్కి లాక్కున్నాను. పెరట్లోకి పరుగెత్తి కొట్టం ఊడ్చే ఆమెను రమ్మన్నాను.

"లోపటికా?" అంది.

"లోపటికే. జల్ది రా."

వంటింట్లోంచే తీసుకెళ్లాను. అత్తమ్మ చేతిలో గరిటె కింద పడింది. కొట్టం ఊడ్చే ఆమె చీర చెంగు దోపుకుని మోచేతిదాకా చేయి ముంచింది. "గుంజితె తోలు లేస్తది, పక్కకు జరుపాలె" అంటూ వేలితో నెమ్మదిగా జరిపి, ఆ నల్లదాన్ని ఊడదీసి చెంబులో వేసింది. గుప్పెడు గళ్లుప్పు కరిగించి పెట్టెలో పోయమంది. తర్వాత చేతులు కడుక్కుని, నేల మీద కూర్చుని, కంచం వైపు చూసింది.

"తినలేదేం పటేలా?"

"బుద్ధి పుడ్తలేదు."

"నువ్వు తినక పడిపోతె దానికి మేతెవరేస్తరు? సగం ఇటు దే."

"నా కంచంల తింటవా? నా రోగం..."

"నయమైందని డాక్టర్ చెప్పిండట గద. డాక్టర్ అబద్ధమాడ్తడా?"

రొట్టె తుంచి సగం తన నోట్లో పెట్టుకుంది. బావగారు కంచం దగ్గరికి లాక్కున్నారు. మిగిలిన సగం తిన్నారు. ఏళ్ల తరబడి రోజూ లింగాన్ని చేతిలో పెట్టుకుని పూజ చేసుకున్న నేను గడప దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను. శుభ్రమని నేను అనుకున్నవన్నీ ఆ పూట నాకు కంపు కొట్టాయి.

మర్నాడు ఆ సన్నచేపలను పెట్టెలో వేశాం. డిస్కస్ డొక్క మీద మచ్చ మిగిలింది గానీ రెండేళ్లకు పైగా బతికింది. నేనూ కంచం పట్టుకుని ముందు గదికి వెళ్లి తినడం మొదలుపెట్టాను. అత్తమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. బావగారు కోలుకుని మళ్లీ డిపోకు వెళ్లారు, చాలాకాలం ఉన్నారు.

బావగారిని నేను బతికించానని చుట్టాలు ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఇది చదివిన వాళ్లు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లైనా సరే, చేతులు జోడించినప్పుడు, మా బావగారి కంచంలో రొట్టె తుంచుకున్న ఆమెను ఒకసారి తలుచుకోండి.